గంపలో సగం చేప

మొన్న ఆదివారం మా మనవరాలు వచ్చి, అలవాటు ప్రకారం చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, అన్నం తింటూ చెప్పిన సంగతి విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. తిండి వస్తువులను పరీక్షించే ల్యాబులో తను పనిచేస్తుంది. మంగళగిరి వైపు ఒక హాస్టల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, అందరూ చేపలమ్మే ఆమె మీద పడి కొట్టు మూయించారట. ల్యాబువాళ్ళు పిల్లల్లో దొరికిన క్రిమినీ, ఆమె చేపలు కోసే చెక్క మీది క్రిమినీ తీసుకుని, వాటి లోపలుండే జన్యువుల అక్షరాలను మొదటినుంచి చివరిదాకా మిషను మీద చదివారట. రెంటి పేరూ ఒకటే గాని, ఒకే ఇంటిపేరున్న వాళ్ళందరూ ఒకే ఇంటివాళ్ళు కానట్టు, చదివితే వేరని తేలింది. పిల్లల్లోని క్రిమి హాస్టలు వంటింట్లో పచ్చడి రుబ్బే మిక్సీ జారులోని దానితో దాదాపు అక్షరానికి అక్షరం కలిసింది. చేపలామె కొట్టు మళ్ళీ తెరుచుకుంది.

యాభై ఎనిమిదో ఏట పలక పట్టి, బస్సు బోర్డు చదవడానికే నెలలు తీసుకున్నదాన్ని నేను. కంటికి కనపడని క్రిమిని చదువుతారంటే నమ్మడానికి కొంత సేపు పట్టింది. నమ్మాక, నలభై ఏళ్ళ కిందటి దాన్ని చదవగలరా అని అడిగాను. దాన్ని ఎవరైనా దాచి ఉంచితేనే కదా నాయనమ్మా అని నవ్వింది.

నేనూ మా తోటికోడలూ, అంటే మా బావగారి భార్య, అక్కా అని పిలిచేదాన్ని, పటమటలో గంపలు నెత్తిన పెట్టుకుని చేపలమ్మేవాళ్ళం. ఎవరి వాడుక ఇళ్ళు వాళ్ళవి, ఒకరి వీధిలో ఇంకొకరం అరవకూడదు, అది మాలో కట్టుబాటు. అక్క ఏ ఇంటి పంపు దగ్గరో బతిమాలి మంచినీళ్ళు పట్టుకుని చేప మీద చల్లేది. నాకంత ఓపిక లేదు. బందరు కాలువలో గుడ్డ ముంచి గంప మీద పిండేదాన్ని, చేప నిగనిగలాడేది.

అక్క వాడుక ఇంట్లో పెళ్ళయిన మర్నాడు భోజనాలు. ఆమె గంప చాలక సగం బొచ్చె చేపలు నా గంపలోంచి తీసుకుని వేసింది. ఆ రాత్రికే ఇరవైమంది ఆసుపత్రి పాలయ్యారు. రెండో రోజు ఆ ఇంటి అమ్మగారు మా ఇద్దరినీ గుమ్మం ముందు నిలబెట్టి చేప ఎవరిదని అడిగింది. అక్క నా వంక చూసింది. నేను గంప కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు సర్దుకుంటూ తల వంచుకున్నాను.

"నాదేనండి అమ్మగారూ" అంది అక్క.

ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళందరూ బాగుపడి ఇళ్ళకు వచ్చారు. అక్క మాత్రం మళ్ళీ గంప ఎత్తలేదు. ఆమె ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా నన్ను పిలిచాయి, నేనూ వెళ్ళాను. వాటితోనే నా పిల్లలు చదువుకున్నారు, ఈ మనవరాలి చదువు కూడా అక్కడినుంచి వచ్చిందే. అక్క రొయ్యలు వలిచే షెడ్డులో చేరింది. ఐసు నీళ్ళకు ఆమె వేళ్ళు తెల్లగా నాని చీలిపోయేవి. ఒకసారి మా ఇంటికొచ్చి, నేనిచ్చిన టీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"కాలవ నీళ్ళకి మెరుపు బాగానే వచ్చిందే చెల్లీ, నీ చేపకి."

అంతే అంది. ఆమె చూసిందని అప్పటిదాకా నాకు తెలియదు. పోయేదాకా ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది విని, చేప కాకపోయి ఉండొచ్చు నాయనమ్మా, పెరుగో, మంచినీళ్ళో, ఇప్పుడెవరూ చెప్పలేరు అంది. నా మనసు కుదుటపడాలని అంది, పిచ్చిపిల్ల. ఇప్పుడు మనుషుల మాట మీద ఎవరి కొట్టూ మూతపడనక్కర్లేదు, క్రిమినే అడుగుతున్నారు, మంచి రోజులే వచ్చాయి. మా రోజుల్లో అడగడానికి మనుషులే ఉండేవాళ్ళు. ఆ గుమ్మంలో నన్నూ అడిగారు. వాళ్ళను పడేసింది ఆ చేపేనా కాదా తేల్చడానికి మిషను కావాలేమో గాని, గంపలో సగం నాదని చెప్పడానికి నా నోరు చాలు.