ఆయిల్‌కి తోడేసిన బాపు

కాలిన ఇంజన్ ఆయిల్ వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. నవ్వితే నవ్వండి, ఉన్నమాటే చెబుతున్నాను. మా లారీకి ఆయిల్ మార్చిన రోజు అమ్మ తప్పకుండా సర్వపిండి చేసేది. దింపిన నల్లటి ఆయిల్‌ను మేం పారబోసేవాళ్లం కాదు, చెదలు పట్టకుండా ఇంటి దర్వాజలకు పూసేవాళ్లం. అటు పొయ్యి మీద నువ్వుల వాసన, ఇటు దర్వాజలకు గ్యారేజీ వాసన. అమ్మ నూనె చేతుల్ని, మా నల్ల చేతుల్ని చూసి ఇంట్లో ఎవరు వంట చేస్తున్నారో తెలియడం లేదని బాపు వేళాకోళం చేసేవాడు. ఆ ఇల్లు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

మాది నీళ్ల ట్యాంకర్. ఇబ్రహీంపట్నంలో మా పొలం బోరు దగ్గర నింపుకొని, సాగర్ రోడ్డు మీదుగా తుర్కయాంజాల్ అపార్ట్‌మెంట్లకు తోలేవాళ్లం. బాపు చాలా ఏళ్లు నడిపాడు. షుగరుతో ఆయన చూపు మందగించాక స్టీరింగ్ నేను పట్టుకున్నాను. ఆడపిల్ల లారీ తోలడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ అనుకున్నాను. నా బాధ వేరే ఉంది. ఏడాదిగా తోలుతున్నా అది బాపు బండే తప్ప నాది కాలేదు. టైరు మార్చాలన్నా, బ్రేకులు చూపించాలన్నా ఆయన ఊ అనాలి. ఈ పిల్ల బండిని సంభాళిస్తుంది అని ఆయన నోటితో ఒక్క మాట అంటే చాలని ఎంతగా ఎదురుచూశానో నాకే తెలుసు. ఆయన అనేవాడు కాదు.

ఆయిల్ విషయంలో బాపుది మరీ విడ్డూరం. పాతదంతా దింపి కొత్తది పోశాక, దింపిన దాంట్లోంచి ఒక స్టీలు గ్లాసెడు తీసి మళ్లీ ఇంజన్‌లో పోసేవాడు. దానికి తోడు అని పేరు. అంతా ఒక్కసారే కొత్తదైతే ఇంజన్ బెదురుతుందట. పాలు తోడేసినట్టు ఇంజన్‌కి తోడేసే మనిషిని నీ బాపునే చూశానని అమ్మ పడీపడీ నవ్వేది. మన్నెగూడలో షెడ్డు ఉన్న మెకానిక్ చాచా మాత్రం నవ్వేవాడు కాదు, గరాటు పట్టుకొని నిలబడేవాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల దోస్తీ.

ఆ చలికాలం బండి నన్ను ఏడిపించింది. తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోయేది తప్ప ఇంజన్ అందుకునేది కాదు. ఫోన్‌లో చూశాను, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లను అడిగాను. సింథటిక్ ఆయిల్ చలికి చిక్కబడదు, ఇంజన్‌ను శుభ్రంగా ఉంచుతుంది, ఎక్కువ రోజులు వస్తుంది అన్నారు. బాపుతో చెప్పాను. పాత ఇంజన్‌కి అవన్నీ పడవు, మామూలు ఆయిలే పోయాలన్నాడు. ఎందుకు పడవంటే చెప్పడు. నాకు మొండితనం ఆయన దగ్గరి నుంచే వచ్చింది కదా, నేనూ తగ్గలేదు. ఆయన కంటి దవాఖానకు వెళ్లిన రోజు చూసి, ఇంటి దగ్గరే నా చేతులతో పాత ఆయిల్ చుక్క మిగలకుండా దింపేసి, సింథటిక్ పోశాను. తోడు వేయలేదు. ఆ గ్లాసును కడిగి బోర్లించేశాను కూడా. ఎంత పొగరో చూడండి.

మర్నాడు మొదటి దెబ్బకే ఇంజన్ అందుకుంది. చప్పుడు కూడా మెత్తబడింది. గేటు దగ్గర కూర్చున్న బాపు తలెత్తి విన్నాడు. ఏం పోశావని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

తొమ్మిదో రోజు తుర్కయాంజాల్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నన్ను కిందికి దిగమన్నాడు. వాళ్ల కొత్త టైల్స్ మీద నల్లటి మరక. వంగి చూస్తే ఇంజన్ అడుగు నుంచి చుక్కా చుక్కా కారుతోంది. మోకాళ్ల మీద కూర్చుని ఆ మరకంతా తుడిచాను. అప్పుడైనా ఇంటికి వెళ్లి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే తాళం చెవి లాగేసుకుంటాడని భయం. రోజూ గుడ్డతో ఇంజన్ అడుగు తుడవడం, తగ్గినంత ఆయిల్ పోయడం, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వెళ్లి అన్నం తినడం. నాలుగు రోజులు అలా నెట్టుకొచ్చాను. ఐదో రోజు మన్నెగూడ దాటుతుండగా డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. అక్కడికక్కడే ఇంజన్ ఆపేశాను. వేరే బండితో కట్టి చాచా షెడ్డుకు లాగించుకున్నాను.

చాచా కిందికి దూరి చాలాసేపు చూశాడు. నేను దొంగలా నిలబడి, పోసిన ఆయిల్ సంగతి, తుడిచిన సంగతి అన్నీ కక్కేశాను.

"ఆయిల్‌ది తప్పు లేదు బేటీ. ఇంజన్ రబ్బరు సీళ్లు ఎప్పుడో పోయినయ్. లోపల పాత మడ్డి పేరుకొని కారకుంట ఆపింది. నీ ఆయిల్ ఆ మడ్డిని కడిగేసింది, గంతే," అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "మీ బాపుకు ఎర్కే. జర జర అప్పుడు గూడ కారుతుండె. పొద్దుగాల నువ్వు లేవకముందే కింద తుడిచి మన్ను జల్లెటోడు. సింథటిక్ వద్దన్నది గందుకే," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ కలిసి ఇన్నాళ్లు నన్ను పిచ్చిదాన్ని చేశారన్నమాట. చాచా ఫోన్ చేస్తే బాపు షేర్ ఆటో దిగి షెడ్డులోకి వచ్చేసరికి నా నోటినిండా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన తడుముకుంటూ ఇంజన్ దాకా వెళ్లాడు. కారుతున్న చోట వేలు పెట్టి, వాసన చూశాడు. అక్కడే టైరుకు ఆనుకొని కూర్చున్నాడు.

"ఇంజన్ ఇప్పాల్నంటే భయమైంది బిడ్డా," అన్నాడు. "ఇప్పినంక మల్ల లేవకపోతే? కండ్లు పాయె. బండి గూడ పోతే నేనేం జెయ్యాలె?"

నోటినిండా ఉన్న మాటలన్నీ ఎటు పోయాయో! అంత పెద్ద లారీని ఒంటిచేత్తో తిప్పిన మనిషి అలా అంటే వినడం నా వల్ల కాలేదు. ఆయన పక్కనే మట్టిలో కూలబడ్డాను. నేనూ నాలుగు రోజుల నుంచి తుడుస్తున్నానని చెప్పాను. తిట్టలేదు. నా చేయి పట్టుకొని అలాగే కూర్చున్నాడు. నేనే అన్నాను.

"ఇంజన్ దింపుదాం బాపు. లేస్తది. నేనుంట గద."

ఆయన లేచి చాచాకు దారిచ్చాడు. చాచా ఆ మధ్యాహ్నమే ఇంజన్ దింపాడు.

ఇరవై రోజులు పట్టింది. బాపు రోజూ నాతోపాటు వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చునేవాడు. విప్పిన ఒక్కో సామాను ఆయన చేతిలో పెడితే వేళ్లతో తడిమి అది ఎంత అరిగిందో చెప్పేవాడు. చాచా, నేను ఆశ్చర్యపోయేవాళ్లం. మధ్యాహ్నం ముగ్గురం ఒకే టిఫిన్ డబ్బాలోంచి తినేవాళ్లం. నా జీవితంలో బాపుతో నేను అంత మాట్లాడింది ఆ ఇరవై రోజులే. ఇప్పుడు ఆయన లేడు, ఆ షెడ్డు ఉన్నచోట ప్లాట్లు కొట్టి రాళ్లు పాతారు. అటుగా పోయిన ప్రతిసారీ నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

చివరి రోజు కొత్త సీళ్లు పడ్డాయి, ఇంజన్ ఎక్కింది, కొత్త ఫిల్టర్ బిగిసింది. చాచా గరాటు పెట్టి, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ బాపు వైపు తిరిగి ఏ ఆయిల్ పోయాలని అడిగాడు. నేను కూడా ఆయన వైపే చూశాను.

"నన్నడుగుతవేంది భాయ్," అన్నాడు బాపు. "బండి దానిది. దాన్నడుగు."

ఇద్దరూ నా జవాబు కోసం ఆగారు. ముందు మామూలుదే పొయ్ చాచా, ఇంజన్ కుదురుకున్నంక సింథటిక్ సంగతి చూద్దాం, అని చెప్పాను.