మాట్లాడేవాడి గొంతు

నిన్న నా కొడుకు సైకిలు మీదనుంచి పడి మోకాలు గీరుకుని వస్తే, కట్టు కడదామని మెడికల్ షాపునుంచి తెచ్చిన గుడ్డ చుట్టను విప్పాను. విప్పగానే గంజీ, తెలుపు చేసే మందూ కలిసిన పాత వాసన ఒకటి ముక్కుకు తగిలి, గుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. "అమ్మా, రక్తం కారతా ఉండాది" అని వాడు అనేదాకా ఈ లోకంలోకి రాలేదు. లోకంలో అందరూ గాయాలకు కట్టుకునే ఆ పల్చటి గుడ్డను నేసే వీధిలోనే నేను పుట్టాను.

తమిళనాట ఉన్న మా రాజపాళయంలో కరెంటుతో నడిచే మగ్గాన్ని తరి అంటాం. మా వీధిలో ఇంటి ముందు భాగం తరికి, వెనక భాగం మనుషులకు. జూలైలో ఆడి మాసం వచ్చిందంటే పడమటి కొండల మీదనుంచి గాలీ సన్న తుంపరా కలిసి వచ్చేవి, ఆ గాలికి పత్తి నూగు లేచి పెరుగు గిన్నె మీదా, దండెం మీద ఆరేసిన గుడ్డల మీదా, మా అమ్మ కనుబొమల మీదా వాలేది. తరులు ఆడుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళ మాట కూడా వినపడదు. అందుకని మా వాళ్ళందరికీ చేతులతో మాట్లాడే అలవాటు ఉండేది. ఉప్పు కావాలంటే రెండు వేళ్ళు నలిపేవాళ్ళు, టీ కావాలంటే బొటనవేలు పెదవికి ఆనించేవాళ్ళు, నూలిచ్చి నేయించుకునే ముతలాళి వస్తున్నాడంటే లేని మీసం దువ్వేవాళ్ళు. మిగిలిన మాటలు పెదవులు చూసి తెలుసుకోవడమే. తరులు ఆగే ఆదివారం కూడా ఆ అలవాటు పోయేది కాదు, మాట్లాడితే అరిచినట్టే మాట్లాడేవాళ్ళం. మా వీధి వాళ్ళు పెళ్ళికి వెళితే అవతలి వాళ్ళు తగాదా అనుకుని లేచి వచ్చేవాళ్ళు.

మా అమ్మ తమ్ముడు గురుసామి మామ మా ఇంట్లోనే ఉండి తరి ఆడించేవాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఆయనకున్న ఒకే ఒక పిచ్చి ఆదివారం మ్యాట్నీ. ఇంగ్లీషు సినిమాలకు తమిళ మాటలు పెట్టి మా ఊరి టాకీసులో ఆడించేవాళ్ళు. ఆ కాలంలో వరసగా ఒకే రకం సినిమాలు వచ్చాయి, అన్నిట్లోనూ ఇద్దరు హీరోలు. ఒకడు చీనా దేశపు వాడు, కుంగ్‌ఫూ తెలిసినవాడు, నోరు తెరవడు, కాలు లేపితే మాత్రం కిటికీలు పగులుతాయి. ఇంకొకడు అమెరికా నల్లాయన, వదులు ప్యాంటు, మెడలో లావు గొలుసు, వాళ్ళ దేశంలో పాటను మాటల్లాగా గబగబా చెప్పే గాయకుడట, దాన్నే హిప్‌హాప్ అంటారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మాకు అప్పుడు వాళ్ళ పేర్లు నోరు తిరగవు. ఒకడు కొట్టేవాడు, ఇంకొకడు మాట్లాడేవాడు, అంతే. ఒకడి భాష ఇంకొకడికి రాదు, మొదట కొట్టుకుంటారు, తర్వాత చేతులతో సైగలు చేసుకుంటారు, చివరికి ఒకే కారులో పోతారు.

మామ నన్ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. ఉడికించిన వేరుశెనక్కాయల పొట్లం నా ఒళ్ళో వేసి, ముందు వరసలో, గోడకు ఆనించిన పెద్ద సౌండు పెట్టె పక్కనే కూర్చునేవాడు. నాకేమో చెవులు పగిలిపోయేవి. ఆయన కుర్చీ ఇనుప కమ్మీ మీద అరచెయ్యి పెట్టుకుని, పాట వచ్చినప్పుడల్లా నావైపు తిరిగి, "మన తరి కొట్టే తాళమే గదా పాపా ఇది" అనేవాడు. నిజమే, ధడ్ ధడ్ మని అచ్చం మా ఇంటి తాళమే. మాట్లాడేవాడు ఏదో అంటాడు, హాలంతా గొల్లుమంటుంది, అప్పుడు మామ నా ముఖం వంక చూసి ఆ తర్వాత నవ్వేవాడు.

ఆట వదిలాక టీకొట్టు దగ్గర సైకిలు ఆపి, నన్ను ఎదుటి బల్ల మీద కూర్చోబెట్టి, నా చేతికి కోడిగుడ్డు పెట్టి చేసిన ముట్టబోండా ఇచ్చి, "ఇప్పుడు చెప్పు, మాట్లాడేటోడు ఏమేమన్నాడు?" అని అడిగేవాడు. నాకు చదువు అంటలేదు కానీ, విన్న మాట పోయేది కాదు. మొదటినుంచి చివరిదాకా చెప్పేదాన్ని, చేతులు ఊపుతూ, మెడ వంచుతూ. ఆయన నా నోటివంకే చూస్తూ కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఒకసారి మా నాయన, "సినిమాకు పోయి ఆ పెట్టె పక్కన కూర్చునేది ఎందుకురా? చెవుడా నీకు?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. మామ కూడా నవ్వాడు, మా తర్వాత.

వీధిలో పిల్లలం అదే ఆట ఆడేవాళ్ళం. మగపిల్లలంతా కొట్టేవాడి వేషానికే ఎగబడేవాళ్ళు. మాట్లాడేవాడి వేషం ఎప్పుడూ నాదే. మా నాయనమ్మ పాత జాకెట్టు తగిలించుకుని, అమ్మ పసుపుతాడు అడిగి తిట్లు తిని, చివరికి సైకిలు చైను మెడలో వేసుకుని, మెడంతా గ్రీసు పూసుకునేదాన్ని. "నోరు నొప్పి పుట్టదంటే నీకు? పెండ్లైతే వాడు చచ్చినాడు పో" అనేది నాయనమ్మ.

ఆ ఏడు దీపావళి దాటాక, ఇంట్లో అరిసెల్లాంటి అతిరసాలు ఇంకా డబ్బా అడుగున మెత్తగా ఉండగానే, చోళపురంలో మామకు పిల్లను చూడ్డానికి వెళ్ళాం. సేద్యం చేసుకునే ఇల్లు. పిల్ల పేరు సీతాలక్ష్మి. ఆమె జడలో కనకాంబరాలు, చేతుల్లో మిరపతోట పని మరకలు, గొంతు ఎంత మెల్లన అంటే మా వీధిలో ఒక్క మాట కూడా బతకదు. మామకు ఆమె నచ్చిందని చూడగానే తెలిసింది, సినిమాలో కూడా అంత కళ్ళు విప్పి చూడలేదు. పెద్దవాళ్ళు వాళ్ళిద్దరినీ వెనక వసారాలో కాసేపు మాట్లాడుకోమని, మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. సీతాలక్ష్మి తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీస్తూ, "పెండ్లైనంక నన్ను కూడా తరికి పంపిస్తారా?" అని అడిగింది. అడిగిన తీరులోనే ఎంత భయం ఉందో నాకు కూడా తెలిసింది. మామ ఆమె ఆగేదాకా ఆగి, టాకీసులో నవ్వినట్టే నవ్వి, "ఆ, దానికేమి" అన్నాడు.

వచ్చేటప్పుడు అమ్మా నాయనా బస్సులో, మేం సైకిలు మీద. దారిలో టీకొట్టు దగ్గర ఆగాడు. నన్ను ఎదుట కూర్చోబెట్టాడు. ముఖం వెలిగిపోతూ ఉంది.

"పాపా, ఆ పిల్ల ఏమనింది?"

"పెండ్లైనంక నన్ను కూడా తరికి పంపిస్తారా అనింది."

"నేనేమన్నాను?"

"ఆ, దానికేమి, అని నవ్వినావు."

ఆయన చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది. ఆ రోజు ఇంటిదాకా సైకిలు తొక్కలేదు, నన్ను కమ్మీ మీద ఉంచి నడిపించుకుంటూ వచ్చాడు.

ఆ వారమే చోళపురం నుంచి కబురు వచ్చింది, పిల్ల వద్దంటోందని. తాళి కట్టకముందే తరికి పంపిస్తానని నవ్వే మనిషి వద్దందట. అమ్మకు ఏమీ అర్థం కాక నన్ను అడిగితే, జరిగింది జరిగినట్టు చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, అన్నం తింటున్న మామ వెనక్కు వెళ్ళి నిలబడి, "గురుసామీ" అంది. ఆయన ముద్ద కలుపుకుంటూనే ఉన్నాడు. కొంచెం గట్టిగా పిలిచింది. ఆయన మజ్జిగ పోసుకున్నాడు. అమ్మ వచ్చి ఆయన ఎదుట కూలబడింది.

ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్ళు ఎట్లా తెలియలేదని ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. అందరూ అరిచే ఇంట్లో, అందరూ పెదవులు చూసే వీధిలో, చెవుడు వచ్చిన మనిషి మిగిలినవాళ్ళ మాదిరే ఉంటాడు.

"ఎప్పటినుంచిరా?" అంది అమ్మ.

"తెలీదక్కా. మొదట పిచ్చుకలు పోయినాయి. ఊర్లోనే లేకుండా పోయినాయి అనుకుంటిని. తర్వాత సైకిలు బెల్లు."

"నేను పోయి చెప్తాను. వాడికి వినపడలేదమ్మా, అంతేగాని చెడ్డోడు కాదు, అని."

"వద్దు. చెవిటోడని తెలిస్తే పాపం అని సరే అంటుంది. పాపం అని వచ్చిన పిల్ల మొగం దినామూ ఎట్ల చూసేది? చెడ్డోడనే అనుకోనీ."

"ఆ పేరు పడితే ఇంకెవురురా పిల్లనిచ్చేది?"

"ఇయ్యకపోతే పోనీ."

అమ్మ ఏడ్చింది, నాయన తిట్టాడు, పెద్దమనుషుల్ని పిలిపిస్తానన్నాడు. మామ కదల్లేదు. తెల్లారి లేచి తరి దగ్గరికే పోయాడు. నాయన చెవులు చూపించడానికి తీసుకుపోతే, వేరే పనికి పొమ్మని డాక్టరు చెప్పినా, "అక్కడైతే అందరూ నా మాదిరే గదా" అన్నాడు. చోళపురం పిల్లను పక్కనున్న సత్రపట్టి ఊళ్ళో ఇచ్చారని తర్వాత విన్నాం. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. పెదవులు చూసి తెలుసుకునే ఉంటాడు.

ఆదివారం మ్యాట్నీలు ఆ తర్వాత కూడా సాగాయి, నాకు ఈడు వచ్చి ఇంట్లో కూర్చోబెట్టేదాకా. కథ చెప్పించుకుంటూనే ఉన్నాడు గానీ, హాలు నవ్వినప్పుడు తను నవ్వడం మానేశాడు.

ఇప్పుడు మామ నా దగ్గరే ఉంటాడు. అమ్మా నాయనా పోయారు. టాకీసు పడగొట్టి కల్యాణ మండపం కట్టారు. మా వీధిలో తరులు సగానికి పైగా ఆగిపోయాయి, ఆగిన ఇళ్ళల్లో నిశ్శబ్దం కొత్త చుట్టంలా ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడి ఉన్నట్టుంటుంది. కొట్టేవాడూ మాట్లాడేవాడూ జతగా వచ్చే సినిమాలు కూడా ఎవరూ తీస్తున్నట్టు లేదు.

మొన్న మా ఇంటాయన మామకు చెవి మిషను తెచ్చి పెట్టాడు. నా కొడుకు ఫోనులో ఆ పాత సినిమాల్లో ఒకటి వెతికి, తమిళంలోనే పెట్టి, ఆయన చేతికి ఇచ్చాడు. మామ చాలాసేపు విన్నాడు. ముఖంలో ఏమీ లేదు. మిషను తీసి డబ్బాలో పెట్టి, "వీడు కాదు" అన్నాడు. మాటలు తెలియకపోయినా, ఆ పెట్టె పక్కన కూర్చుని గొంతు మాత్రం పట్టుకున్నట్టున్నాడు. నేనూ విన్నాను. నిజంగానే కాదు. ఎవరో కొత్త మనిషి చేత తమిళ మాటలు మళ్ళీ చెప్పించారు. టాకీసులో వినపడిన ఆ పాత మనిషి ఎవరో, ఏమైపోయాడో ఎవరికి తెలుసు.

మామ నా ఎదుటికి జరిగి కూర్చుని, "మనోడు ఎట్ల మాట్లాడేటోడు? చెప్పు పాపా" అన్నాడు.

చెప్పాను. మాటలన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా పోలేదు. ఆయన నా పెదవులు చూసి తల ఊపుతున్నాడు. కానీ వాడి గొంతు ఎట్లా ఉండేదో ఎంత తవ్వినా నాకు దొరకలేదు. ఆ సంగతి మామకు తెలియదు.