ఓడను పేరు పెట్టి పిలిచాను

కుందూ ఏట్లో మోకాటి లోతు నీళ్లు పారితే సంబరపడే కోయిలకుంట్ల దగ్గరి పల్లె మాది. అక్కడినుంచి వెళ్లి సరుకుల ఓడలో థర్డ్ ఆఫీసరునయ్యాను. గొప్పలు చెప్పుకుంటున్నానా? చెప్పుకుంటాను. కష్టపడింది నేనే కదా!

పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. "ఏమ్మే, పొగరా? అన్నా అను, అప్పా అను" అని నెత్తిన మొట్టేది. ఆ భయం నా వెంట సముద్రం దాకా వచ్చింది.

ఓడలో మా ముందు ఏఐఎస్ తెర ఉంటుంది. చుట్టుపక్కల ఓడలు తమ పేరు, దిక్కు, వేగం వాటంతట అవే రేడియోలో చెప్పుకుంటూ పోతాయి. అవన్నీ ఆ తెర మీద కనబడతాయి.

ఒక పొద్దున దట్టంగా పొగమంచు. కెప్టెన్ రాడార్ దగ్గర నిలబడి, రేడియోలో మాట్లాడే పని నాకప్పగించాడు. ఎదురుగా ఒక ఓడ నేరుగా వస్తోంది. దాని పేరు తెర మీద కనబడుతూనే ఉంది. కానీ అవతల మా నాన్న వయసు కెప్టెన్ ఉంటాడేమో, నోరు రాలేదు. "మా ముందున్న ఓడ సార్, దయచేసి కుడికి తిరగండి" అన్నాను.

"సరే, తిరుగుతున్నాం" అని జవాబొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. తెర చూస్తే ఎదుటి ఓడ కదల్లేదు! ఎడమపక్క, మాకంటే కాస్త ముందు పోతున్న ఇంకో ఓడ, తననే అన్నాననుకుని కుడికి తిరుగుతోంది. అంటే సరిగ్గా మా దారికి అడ్డంగా.

మర్యాద గిర్యాద అన్నీ గాలికిపోయాయి. ఆ ఓడను పేరు పెట్టి గట్టిగా పిలిచాను. "తిరగొద్దు! మీ దారిన మీరు పొండి!" ఆ వెంటనే ఎదుటిదాన్నీ పేరుతో పిలిచి కుడికి తిరగమన్నాను. మేమూ కుడికి తిరిగాం. తెర మీద ఓడల దారులు చూపించే గీతలు విడిపోయేదాకా నేను చూపు తిప్పలేదు.

"ఆ పేరేదో ముందే చెప్పాల్సింది" అని కెప్టెన్ చీవాట్లు పెట్టాడు. పడ్డాను, తప్పు నాదే. కాసేపటికి "దిద్దుకున్నదీ నువ్వేలే" అన్నాడు. ఆ మాటకు నా ఛాతీ ఉబ్బిపోయింది.

సెలవుకొచ్చి అమ్మకు చెప్పాను.

"ఆ ఓడల్లో ఎంతమంది ఉండారే?" అని అడిగింది.

"ఒక్కోదాంట్లో ఇరవై మందైనా ఉంటారు."

"అంతమంది పానాలు పోతాంటే మర్యాదేందే పిచ్చిదానా!" అని నన్నే తిట్టింది. ఆ మర్యాద ఎవరు నేర్పారమ్మా అంటే వినిపించుకోదే!

సాయంత్రానికల్లా అమ్మ వీధిలోకొచ్చింది. "మా పాప పేరుబెట్టి పిలిస్తే ఓడ నిలబడిందంట, సూడప్పా!" అని కనబడినవాళ్లందరికీ చెప్తోంది. నిలబడలేదమ్మా, తన దారిన పోయింది అని చెప్పబోయి ఊరుకున్నాను. నాకూ అట్లా వినడమే బాగుంది.