ఎదిగే పిల్లకు తుపాకీ

ఎనభయ్యో దశకం మొదట్లో, టెక్సాస్‌లో, మా పక్కింట్లో నా ఈడు దొరసాని ఒకావిడ ఉండేది. ఎవరు తుపాకీ కాల్చినా ఆవిడ గురి వైపు చూసేది కాదు, కాల్చేవాళ్ళ కళ్ళనే చూసేది.

మా పన్నెండేళ్ళ మనవరాలికి జింకల వేట నేర్పుతానని ఆవిడ అంది. ఆడపిల్ల చేతిలో తుపాకీయా! మా అబ్బాయి మాత్రం సరేననేశాడు. కొనక తప్పనప్పుడు, ఎదిగే పిల్లకి కాస్త పెద్దదే కొనమన్నాను. గౌన్లు అలాగే కదా కొనేది!

ఆవిడ మమ్మల్నందర్నీ ఊరి బయట తన పొలానికి తీసుకెళ్ళి, మొగుడి పెద్ద తుపాకీ నా చేతికిచ్చింది.

“నానమ్మా, నువ్వే షూట్ చేయాలట,” అంది మనవరాలు నవ్వాపుకుంటూ.

“నాకేం భయమా? చూస్తూ ఉండు!”

కాల్చాను. అది గాడిదలా భుజాన్ని తన్నింది. చతికిలబడ్డాను. మనవరాలు పకపకా నవ్వింది. ఆవిడ నవ్వకుండా ఇంగ్లీషులో ఏదో చెప్పేసరికి పిల్ల మొహం వాడిపోయింది.

“నువ్వు ముందే కళ్ళు మూసేశావట నానమ్మా. పెద్ద గన్ అంటే నేనూ భయపడి అలాగే మూస్తానట. అప్పుడు బుల్లెట్ జింక పొట్టలో తగులుతుందట. వెంటనే చావదట. పారిపోయి, ఎక్కడో పడి, స్లోగా చచ్చిపోతుందట.”

పిల్లకేమవుతుందో అనుకున్నానే గాని ఆ మూగజీవి సంగతి నాకు తట్టనే లేదు.

“చిన్నదే కొనరా,” అన్నాను మా అబ్బాయితో. “తూటాలు కూడా మందు తక్కువున్నవే తీసుకో, అంతగా తన్నకుండా. వచ్చే ఏడాదికి చాలకపోతే ఇంకోటి కొందాం.”

నా నోట ‘ఇంకోటి కొందాం’ అన్న మాట విని వాడు నోరు వెళ్ళబెట్టాడు.