ఆపిన బొమ్మ

మైదానంలో రిఫరీగా విజిల్ ఊదినన్నాళ్లూ ఆయన్ని అందరూ మెత్తనయ్య అనేవారు. మోకాళ్లు అరిగి పరుగు మానేశాక వీడియో గదిలో వేశారు. ఆ పేరు కూడా వెంటే వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఫుట్‌బాల్ ఆటలో ఒకడి కాలు ఇంకొకడి మీద పడితే, అది పసుపు కార్డుతో పోయే దెబ్బా, ఎర్ర కార్డిచ్చి బయటికి పంపాల్సిన దెబ్బా అని తెర మీద మళ్లీ చూసి, మైదానంలో ఉన్న రిఫరీ చెవిలో చెప్పడం ఆయన పని. స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది. ఏసీ చలికి ఎండాకాలం కూడా స్వెట్టర్ వేసుకునేవాడు.

ఆ పనికో పద్ధతుంది. కాలు ఎక్కడ తగిలిందో నెమ్మదిగా తిప్పి చూడాలి. ఎంత గట్టిగా తగిలిందో మాత్రం మామూలు వేగంలోనే చూడాలి. నెమ్మదిగా తిప్పితే, తప్పుకునే వ్యవధి లేనివాడు కూడా తీరిగ్గా, కావాలని తొక్కినట్టు కనిపిస్తాడు. కొత్తవాళ్లకి ఈ పాఠం చెప్పేదెవరనుకున్నారు? ఈయనే. బల్ల గుద్ది మరీ చెప్పేవాడు.

అంతటి మనిషి సెమీఫైనల్లో చేసిన నిర్వాకం చూడండి. అంతకు ముందు వారం ఒక మోటు దెబ్బకి పసుపుతో సరిపెట్టాడని టీవీలో ఆయన్ని ఉతికి ఆరేశారు. "మెత్తనయ్యగారు కార్డులు మానేసి పూలు పంచితే పోలా?" అన్నాడు వ్యాఖ్యాత. ఆ మాట ముల్లులా గుచ్చుకుని సలుపుతూనే ఉంది. సెమీఫైనల్లో ఓ ముసలి డిఫెండర్ కాలు ఎదుటివాడి పిక్క మీద పడింది. ముసలి అంటే ముప్పై దాటినవాడే, ఆ ఆటలో అదే ముసలితనం. మెత్తనయ్య వీడియో నెమ్మదిగా తిప్పించి, బూటు అడుగు పిక్కలోకి దిగిన చోట ఆపించాడు. బొమ్మ చూడ్డానికి ఘోరంగా ఉంది.

"సార్, మామూలు వేగంలో ఒకసారి వేయనా?" అంది వీడియో తిప్పే అమ్మాయి.

"అక్కర్లేదమ్మా. కనిపిస్తూనే ఉందిగా."

రిఫరీ గీత పక్కనున్న తెర దగ్గరికి వస్తే ఆ బొమ్మే చూపించారు. ఎర్ర కార్డు బయటికొచ్చింది. ఎర్ర కార్డు పడ్డవాడు తర్వాతి ఆట కూడా ఆడకూడదు, దాంతో జట్టు గెలిచినా డిఫెండర్‌కి ఫైనల్ పోయినట్టే. ఆ ఫైనల్‌తో ఆట మానేస్తానని అతను ముందే చెప్పాడు. తలొంచుకుని వెళ్లిపోయాడు. మెత్తనయ్య మాత్రం ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాడు.

మర్నాడు పొద్దున భార్య బట్టలు మడతపెడుతూ టీవీలో ఆ ఆట చూస్తోంది. "అయ్యో పాపం, ఇతను కాలు వెనక్కి లాక్కుంటున్నాడు కదండీ! అవతలివాడే జారుకుంటూ వచ్చి కింద దూరాడు. ఇతన్ని పంపేసిన మహానుభావుడెవరో!" అనేసి, ఎవరో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది.

ఆయన చూశాడు. మామూలు వేగంలో అంతా రెప్పపాటు. నిజంగానే లాక్కుంటున్నాడు. కంటికి ఆనక తప్పు చేస్తే ఇంత సిగ్గుపడేవాడు కాదు. తెలిసీ, అడిగినా వద్దని, ఎవడో నవ్వాడని ఇంకొకడి ఆఖరి ఆట లాగేసుకున్నాడు.

డిఫెండర్ జట్టు ఫిర్యాదు చేస్తే, ఫైనల్‌కి ముందే కార్డు మీద విచారణ జరిగింది. మెత్తనయ్యనీ పిలిచారు. కాస్త తొందరపడ్డామని చెప్పి గట్టెక్కుదామని దారంతా మాటలు కూర్చుకున్నాడు. గోడ మీద ఆ బొమ్మే ఉంది. ముందు డిఫెండర్ లేచాడు.

"తప్పు నాదేనండి. కాలు లాక్కున్నాననే అనుకున్నా. కానీ ఈ బొమ్మ చూశాక నా మీద నాకే నమ్మకం పోయింది. టీవీ పెట్టడమే మానేశా. దెబ్బ తగిలిన అబ్బాయి ఇంటికెళ్లి వాళ్లమ్మకి క్షమాపణ చెప్పి వచ్చా. ఎందుకు తొక్కావు నాన్నా అని మా పాప అడిగితే, తెలీదన్నా."

మెత్తనయ్యకి తల కొట్టేసినట్టయింది. కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టాడు. బల్ల పట్టుకుని లేచాడు.

"ఆ బొమ్మ ఆపించింది నేనండి. మామూలు వేగంలో వేస్తానంటే వద్దన్నాను. నన్ను మెత్తనివాణ్ణని నవ్వారని. ఇప్పుడు వేయించండి."

వేశారు. మళ్లీ వేశారు. కార్డు రద్దు చేశారు. ఫైనల్‌కి వీడియో గదిలోకి మీరు రావద్దని ఆయనకి అక్కడే చెప్పారు.

వరండాలో డిఫెండర్ ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. తిడతాడనుకున్నాడు మెత్తనయ్య. తిట్టినా బాగుండేది.

"మా పాపకి ఒక్క మాట చెప్తారాండీ? నేను చెబితే ఊరడించడానికి అంటున్నాననుకుంటుంది."

ఆయన ఫోన్ అందుకున్నాడు. "మీ నాన్న కావాలని తొక్కలేదమ్మా."

"మరెందుకు పంపించేశారు?"

"నన్ను వెక్కిరించారమ్మా. అందుకని."



"వెక్కిరించింది మా నాన్న కాదు కదా?"

"కాదమ్మా," అన్నాడు మెత్తనయ్య.