ఆరు గొంతులకు ఒక్క తాడు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కోతలు కోస్తాను. చీమ గురించి చెప్పడం మొదలుపెడితే రెండో వాక్యానికల్లా దానికి తొండం మొలుస్తుంది, మూడో వాక్యానికి అది అంబారీ మోస్తుంది. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక వంతు తీసి పారేసి, మిగిలిన పాతికనీ పక్కింటివాళ్లని అడిగి సరిచూసుకుంటుంది. కాబట్టి సుగుణక్క గురించి నేను చెప్పేది కూడా కాస్త వడకట్టుకునే చదవండి. పెంచినవి చాలా ఉంటాయి. పూర్తిగా పుట్టించినది మాత్రం ఒక్కటే. అదేమిటో చివర్లో నేనే చెబుతాను.

మొన్నీమధ్య హైటెక్ సిటీలో మా ఆఫీసులో, మేఘాలు కిటికీలోంచి వచ్చి కాఫీ తాగిపోయేంత ఎత్తున కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆన్‌లైన్ మీటింగులో ఉన్నాను. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఏదో పనికొచ్చే మాట చెబుతోంది. ఇంతలో మా పెద్దసారు దగ్గారు. అంతే, ఆ దగ్గు ధాటికి అమ్మాయి గొంతు నూతిలోకి జారిపోయింది. పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట మాత్రం ఎవరికీ అందడం లేదు. సరిగ్గా అప్పుడే వెనక సీటులో ఎవరో ఏలక్కాయ కొరికారు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా నడినెత్తిన మొట్టికాయ పడ్డట్టయి గిరుక్కున వెనక్కి తిరిగాను. సుగుణక్క లేదు. ఉండదని తెలుసు, ఆమె పోయి చాలా కాలమైంది. అయినా తిరిగాను.

మూసాపేటలో, ఇప్పుడు మెట్రో స్తంభం నీడ పడే చోట, ఆమెకో సౌండ్ సర్వీస్ దుకాణం ఉండేది. దాని వెనక పాటలు రికార్డు చేసే గది. ఎంత గదంటే, పాడేవాళ్లు గట్టిగా ఊపిరి పీలిస్తే హార్మోనియం వాయించేవాడు బయటికి వచ్చేయాలి. ఎలక్ట్రానిక్స్‌లో తను తెచ్చుకున్న డిగ్రీకి ఫ్రేము కట్టించి, లోపలికి అడుగుపెట్టినవాడి కంట్లో గుచ్చుకునేట్టు గుమ్మానికి ఎదురుగా తగిలించింది. ఎవరైనా బేరానికి దిగితే మాట్లాడకుండా దానివైపు వేలు చూపించేది. మా ఆఫీసు వార్షికోత్సవానికి మైకులు కిరాయికి తెచ్చే పని నా నెత్తిన పడి, మొదటిసారి అక్కడికి వెళ్లాను.

"ఎంతమంది పాడుతున్నరు?" అని అడిగింది.

"ఆరుగురండీ. రెండు మైకులు చాలవాండీ?"

ఆమె పటుక్కున ఏలక్కాయ కొరికింది. "మీ ఇంట్ల ఆర్గురుంటే రెండే కంచాలు పెడ్తరా?"

ఆరు మైకులూ ఇచ్చింది. వాటితోపాటు నన్నూ పనిలోకి తీసుకుంది. "చెవులు పెద్దగున్నయ్ నీకు. ఉత్తగనే ఉంచుకుంటే ఏం ఫాయిదా? శని, ఆదివారాలు రా, నేర్పుత" అన్నది. వారమంతా సాఫ్ట్‌వేరులో తప్పులు వెతకడం, వారాంతంలో సుగుణక్క చేత నా తప్పులు వెతికించుకోవడం, ఇలా నా జీవితం రెండు ఉద్యోగాలైంది. ఆ రోజుల్లో నేను మోసిన వైర్లన్నీ కలిపి ముడివేస్తే చంద్రుడికి బట్టలు ఆరేసుకునే తీగ అయ్యేది.

కంప్రెసర్ అనే పరికరాన్ని అక్కడే చూశాను. అది గాలి కొట్టేది కాదు. గొంతు ఒక గీత దాటి పైకి లేవగానే మెత్తగా చెయ్యి వేసి కిందికి నొక్కుతుంది. లేవకపోతే ముట్టుకోదు. ఇంత చిన్న సంగతి నేర్చుకున్నందుకే నేను ప్రపంచంలోని గొంతులన్నింటికీ అధిపతినైపోయాననుకున్నాను. మరుసటి ఏడు వార్షికోత్సవానికి సుగుణక్క ఇంకా రాకముందే, మా ఆఫీసు హాల్లో అన్నీ నేనే బిగించేశాను.

ఆ ఏడు కూడా ఆరుగురే పాడేవాళ్లు. వాళ్లలో పెద్ద గొంతు మా మేనేజరు చలపతిరావు గారిది. కాకినాడ నుంచి వచ్చి కేపీహెచ్‌బీ కాలనీలో స్థిరపడ్డ మనిషి. పొద్దున్నే అక్కడ ఆయన స్నానాల గదిలో ఆలాపన అందుకుంటే హైటెక్ సిటీ టవర్లలో లిఫ్టులు ఆగిపోయేవి. చిన్న గొంతు పద్మజ గారిది. జీతాల విభాగంలో పనిచేసేవారు. ఒకప్పుడు మా ఆఫీసులో పాటంటే ఆవిడే. ఆ ఏడాదే గొంతుకు ఆపరేషన్ అయింది. మాట తిరిగి వచ్చింది, పాట మాత్రం దారప్పోగంత మిగిలింది. అయినా పట్టుబట్టి రెండో చరణం ఒంటరిగా పాడతానన్నారు. వెనక చలపతిరావు గారి ఆలాపన.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆరు మైకులనూ ఒక్కచోట కలిపి, అన్నింటికీ కలిపి ఒకే కంప్రెసర్ తగిలించాను. శ్రమ తగ్గుతుంది కదా! సాధన మొదలైంది. రెండో చరణంలో పద్మజ గారు నోరు తెరిచారు. వెనక నుంచి చలపతిరావు గారు లేచారు. కంప్రెసర్ ఉలిక్కిపడి నొక్కింది. ఆయనతోపాటు ఆవిడనూ నొక్కింది. ఆయన నొక్కినా వినపడే మనిషి, ఆవిడ మాయమైపోయారు. మళ్లీ పాడించాం. మళ్లీ మాయం.

చలపతిరావు గారు జాలిగుండె మనిషి. దగ్గరికి వచ్చి, "పద్మజ గారూ, ఏమీ అనుకోకండి. ఈ ఒక్క ఏడాదికీ మీ చరణం నేను లాగించేస్తానండీ. మీరలా పక్కన నిలబడి పెదాలు కదపండి చాలు. గొంతుక్కి విశ్రాంతి" అన్నారు.

"విశ్రాంతి ఆసుపత్రిలో తీసుకున్నానండీ" అన్నారావిడ. "సాయంత్రం నేనే పాడతాను. అప్పుడు కూడా వినపడకపోతే ఇంక ఈ జన్మలో మైకు ముట్టుకోను."

మేమంతా నేల చూపులు చూస్తుంటే గుమ్మం దగ్గర ఏలక్కాయ పటుక్కుమంది.

సుగుణక్క తిన్నగా నా దగ్గరికి వచ్చి యంత్రం చూసింది. "ఏందిరా గిది? ఆర్గురిని ఒక్క తాడుకు కట్టినవ్. బర్రె దుంకితే మేకపిల్ల మెడ బిగుస్తది. గంత తెల్వదా?"

"బర్రె అంటే నేనేనాండీ?" అన్నారు చలపతిరావు గారు.

"పాలిచ్చే బర్రె, సారూ. ఫికర్ చేయకుర్రి."

ఆమె తన చేతిరుమాలు, ఆమె మాటల్లో దస్తీ, తీసి, గొంతులన్నీ కలిపే మిక్సర్ మీద హెచ్చుతగ్గులు చూపించే దీపాలకు కప్పేసింది. అది ఆమె పద్ధతి. దీపాలు కనబడితే చెవులు సెలవు పెడతాయనేది. తర్వాత ఒక్కొక్కరినీ మైకు ముందు నిలబెట్టి, పాడొద్దు, పొద్దున ఏం తిన్నారో చెప్పమంది. పాట పాడేటప్పుడు మనిషి వేషం వేసుకుంటాడు, తిండి గురించి చెప్పేటప్పుడే అసలు గొంతు బయటికి వస్తుందని ఆమె నమ్మకం. చలపతిరావు గారు గోంగూర పచ్చడిని వర్ణించారు, ఆ వర్ణనకు హాలు పైకప్పు రెండంగుళాలు లేచింది. పద్మజ గారు "ఇడ్లీ" అని ఆగిపోయారు.

"ఇడ్లీల ఏమేసుకున్నవ్ బిడ్డా? జర నిమ్మళంగ చెప్పు."

"నెయ్యండీ. కారప్పొడి ఇంకా మింగలేను."

సుగుణక్క కళ్లు మూసుకుని విన్నది. అప్పుడు మొదలుపెట్టింది. ఎవరి కంప్రెసర్ వాళ్లకు, ఎవరి గీత వాళ్లకు. చలపతిరావు గారు గీత దాటితే గట్టిగా పట్టేట్టు, పద్మజ గారిని ఊరికే భుజం మీద చెయ్యి వేసినట్టు పట్టి గొంతంతటినీ పైకి లేపేట్టు. మరీ లేపితే మైకు కూత పెడుతుంది, అందుకని ఆవిడను దగ్గరికి జరిపింది. "మైకు చెవిల రహస్యం చెప్తున్నట్టు పాడు" అన్నది.

"మొత్తానికి నన్ను అణిచేస్తున్నారన్నమాట" అన్నారు చలపతిరావు గారు.

"అణుస్తలేను సారూ. జరుగుమంటున్న."

సాయంత్రం ఆమె నన్నే మిక్సర్ ముందు కూర్చోబెట్టి వెనక నిలబడింది. రెండో చరణం దగ్గరికి రాగానే నా చెయ్యి తనంతట తానే పద్మజ గారి మీటను పెంచడానికి పోయింది. నెత్తిన ఠంగుమని మొట్టికాయ. "చెయ్యి తియ్. చేసేది పొద్దున్నే చేసినం. ఇగ విను."

విన్నాను. చలపతిరావు గారి ఆలాపన లేచింది, పక్కకు జరిగింది. ఆ జరిగిన చోటులోంచి దారప్పోగు లాంటి గొంతు ఒక్కొక్క మాటనూ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. ఎక్కడా తెగలేదు. చరణం ముగియగానే హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లకు అద్దాల గోడలు ఊగిపోయాయి, దుర్గం చెరువులో చేపలు ఒడ్డున పడ్డాయి.

మొన్నటి మీటింగుకు వస్తాను. మా పెద్దసారు దగ్గి, ఆ ఊపులోనే తన మాట అందుకున్నారు. తెర మీద ఆయన పేరు పక్కన పచ్చ గీత ఎగురుతోంది. నా జేబులో ఎప్పుడూ ఒక దస్తీ ఉంటుంది. తీసి తెర మీద కప్పాను. ఉద్యోగం ఒక్క క్షణం కళ్ల ముందు ఆడింది. అయినా మైకు నొక్కి, "సార్, మీరు జర మైకు ఆపండి. ఆ అమ్మాయి చెప్పింది మాకెవరికీ వినపడలేదు" అన్నాను. ఆయన గొంతు ఆగింది. తర్వాత ఆ అమ్మాయి గొంతు, మొదటినుంచి, మళ్లీ.

ఇక నేను పుట్టించినది చెప్పేస్తాను. చప్పట్లు. ఆ చరణానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కరూ లేవలేదు. చేపలు క్షేమం. జరిగిందేమిటంటే, తర్వాతి వరుస అందుకోవాల్సిన చలపతిరావు గారు అందుకోలేదు. నోరు తెరుచుకుని పద్మజ గారి వైపే చూస్తూ నిలబడిపోయారు. తబలా ఒక్కటే నడుస్తోంది. ఆ ఖాళీలో సుగుణక్క మిక్సర్ మీది దస్తీ తీసి మొహమంతా తుడుచుకుని, మళ్లీ జాగ్రత్తగా కప్పింది.

"ఈడ ఏసీ లేదారా? ఒకటే చెమటలు" అన్నది.

ఆ హాల్లో చలికి నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఈ మాటను మాత్రం వడకట్టకండి.