ముగ్గు ముందు తిప్పిన స్టీరింగ్

కొత్త కారుకు పేరు రాయించి ఏళ్ళ తరబడి ఆగలేక మావారు కొన్న పాత కారు ఎడమకు లాగుతోంది. ఈ రోజు మా ఢిల్లీ క్వార్టర్ ముందు ఆయనే చక్రాలు తిన్నగా ఉండేలా సరిచేసే అలైన్‌మెంట్ మొదలుపెట్టారు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా నా పూలు కట్టే దారం బిగించారు. అది ముందు చక్రానికి రెండు అంచులా తగిలేదాకా కారు కింద పడుకుని బోల్టులు తిప్పారు.

ఇక స్టీరింగ్ వదిలేసి నడిపి చూడాలట. కారు మెల్లగా పొద్దున వాకిట్లో నేను వేసిన ముగ్గు వైపు వచ్చింది. చటుక్కున స్టీరింగ్ తిప్పేశారు.

"వదిలేసి చూడాలన్నారుగా?" అన్నాను.

"అరే, అంత చలిలో కూర్చుని వేశావు. ఎలా తొక్కించను?"

పన్నెండేళ్ళలో నా ముగ్గు బాగుందని ఒక్కసారీ అనని మనిషి! కారు తిన్నగా పోతుందో లేదో ఇంకా తేలలేదు. మీ ఇళ్ళలోనూ మెచ్చుకోళ్ళు ఇలాగే ఉంటాయా?